కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచా, ఎయిర్ ఇంపాక్ట్ రెంచా? తరచుగా అడిగే ప్రశ్నలు

నట్లు, బోల్టులు విప్పి బిగించే ఇంపాక్ట్ రెంచ్ (వాడుకలో గన్) కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు డబ్బా మీది టార్క్ అంకె, అంటే తిప్పే బలం అంకె మీద పడతాయి. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీ గన్ దాకా నిజంగా ఎంత గాలి చేరుతుంది? రోజు మొత్తంలో ట్రిగ్గర్ ఎంతసేపు నొక్కి పట్టుకుంటారు? ఈ రెండూ తేలితే సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి.

రెండూ చేసేది ఒకే పని కదా, లోపల తేడా ఏమిటి?

దెబ్బ కొట్టి తిప్పడం రెండింటిలోనూ ఒకటే. మోటారు ఒక బరువైన హ్యామర్‌ను తిప్పుతుంది. సాకెట్ తగిలించే చదరపు కొనను యాన్విల్ అంటారు. హ్యామర్ వచ్చి దాన్ని కొడుతుంది. బలం ఏకధాటిగా కాకుండా దెబ్బలుగా వెళ్తుంది కాబట్టే, వెయ్యి న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న గన్‌ను కూడా మణికట్టు మెలిపడకుండా పట్టుకోగలుగుతాం.

కార్డ్‌లెస్‌లో హ్యామర్ వెనక గట్టి స్ప్రింగు, మధ్యలో వాలు గాడిలో దొర్లే ఉక్కు గుండ్లు ఉంటాయి. నట్టు మొరాయించగానే హ్యామర్ వెనక్కి జరుగుతుంది, స్ప్రింగు దాన్ని ముందుకు తోసి కొట్టిస్తుంది. ఎయిర్ గన్‌లో రోటరు గాడుల్లో పలచటి రెక్కలుంటాయి. గాలి వాటిని తోస్తే రోటరు తిరుగుతుంది. దెబ్బ కొట్టడానికి ఎక్కువ మోడళ్లలో జంట హ్యామర్లు వాడతారు. శక్తి తయారయ్యేది కంప్రెసర్ దగ్గర కాబట్టి గన్ తేలిక. చదరపు కొన హాఫ్ ఇంచ్ ఉన్న ఎయిర్ గన్ రెండు కిలోల చుట్టూ తూగితే, అంత బలమున్న కార్డ్‌లెస్ బ్యాటరీతో కలిపి మూడు కిలోల దాకా వెళ్తుంది. అయితే ఎయిర్ గన్‌కి వెనక హోస్ వేలాడుతుంటుంది. ఆ బరువు డబ్బా మీద రాయరు.

డబ్బా మీద రాసిన టార్క్ నమ్మొచ్చా?

ఏ టార్కో చూసి నమ్మండి. చాలా కంపెనీలు రెండు అంకెలు ఇస్తాయి. ఒకటి బిగించే టార్క్, రెండోది బిగుసుకున్న నట్టును విప్పే గరిష్ఠ టార్క్. రెండోది ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది, పెద్ద అక్షరాల్లో వేసేది కూడా అదే. ఒక గన్‌ది మొదటి అంకె, ఇంకో గన్‌ది రెండో అంకె తీసుకుని పోల్చడం చాలామంది చేసే పొరపాటు. యూనిట్లు కూడా చూసుకోవాలి. 1 అడుగు-పౌండు అంటే 1.356 న్యూటన్ మీటర్లు. 1,000 అడుగు-పౌండ్లు 1,356 న్యూటన్ మీటర్లవుతాయి.

అసలు అవసరమెంత? సాధారణ కార్ల చక్రాల నట్లు 100 నుంచి 150 న్యూటన్ మీటర్ల మధ్య బిగిస్తారు. తుప్పు పట్టినా, ఎవరో అతిగా బిగించినా విప్పడానికి దానికి మూడు నాలుగింతలు కావాల్సి రావచ్చు. అంటే 500 నుంచి 700 న్యూటన్ మీటర్ల మధ్యరకం గన్ కారు పనికి చాలు. ఇరుకు చోట్లలో పెద్ద గన్ కన్నా ఇదే బాగా దూరుతుంది కూడా. సస్పెన్షన్ బోల్టులు, హబ్ నట్లు, క్రాంక్ పుల్లీ బోల్టులు తరచూ విప్పేవాళ్లకు మాత్రం వెయ్యి దాటిన గన్ పనికొస్తుంది.

గన్ ఇచ్చిన టార్క్ అంతా నట్టుకి చేరదని కూడా గుర్తుంచుకోండి. పొడవాటి ఎక్స్‌టెన్షన్, వదులు సాకెట్, యూనివర్సల్ జాయింట్ ఏది పెట్టినా దెబ్బ మధ్యలోనే కొంత ఆవిరవుతుంది. పొడవు కావాలంటే సన్న ఎక్స్‌టెన్షన్లు రెండు కలపకుండా పొడుగు సాకెట్ ఒక్కటి పెట్టండి.

పెద్ద టార్క్ ఉన్న ఎయిర్ గన్ కొన్నా కారు నట్టు కూడా విప్పడం లేదు, ఎందుకు?

గన్‌ను అనుమానించే ముందు గాలిని అనుమానించండి. ఎయిర్ గన్‌ల టార్క్‌ను 90 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ప్రెషర్) దగ్గర లెక్కిస్తారు, అంటే దాదాపు 6.2 బార్లు. అది కంప్రెసర్ గేజ్ దగ్గరి ప్రెషర్ కాదు. ట్రిగ్గర్ నొక్కి గన్ తిరుగుతున్నప్పుడు గాలి గన్‌లోకి వెళ్లే మూతి దగ్గర ఉండాల్సిన ప్రెషర్. ట్రిగ్గర్ వదిలేసి చూస్తే సన్న హోస్ చివర కూడా గేజ్ నిండుగా 90 చూపిస్తుంది. నొక్కగానే 60కి పడిపోవచ్చు.

పట్టుకోవడం సులువే. గన్‌కీ హోస్‌కీ మధ్య ఒక టీ ముక్క, దానికొక చిన్న గేజ్ పెట్టి, సాకెట్ లేకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి చూడండి. ముల్లు ఎంత పడిందో అంతా దారిలో పోతున్నట్టే. పోయేది సాధారణంగా ఈ చోట్ల: స్ప్రింగులా చుట్టుకునే పావు అంగుళం కాయిల్ హోస్, రంధ్రం సన్నగా ఉన్న క్విక్ కప్లర్లు, మూసుకుపోయిన ఫిల్టరు, ఒకదానికొకటి తగిలించిన నాలుగైదు జాయింట్లు. హాఫ్ ఇంచ్ గన్‌కి లోపలి వ్యాసం 3/8 అంగుళం, అంటే సుమారు 10 మిల్లీమీటర్లున్న హోస్ కనీసం ఉండాలి. పది మీటర్లు దాటితే 1/2 అంగుళానికి వెళ్లండి. ముప్పావు అంగుళం గన్‌కి 1/2 అంగుళం, ఒక అంగుళం గన్‌కి 3/4 అంగుళం హోస్ వేస్తారు.

గాలి చాలడం లేదని రెగ్యులేటర్‌ను 8, 9 బార్లకి తిప్పేవాళ్లున్నారు. హోస్ సన్నగా ఉన్నంతకాలం దానివల్ల కలిగే లాభం కొంచెమే. హోస్ మార్చిన రోజున మాత్రం ఆ ప్రెషరంతా గన్ మీద పడి హ్యామర్, యాన్విల్ త్వరగా అరిగి పగులుతాయి.

ఎంత కంప్రెసర్ ఉండాలి?

గన్ డబ్బా మీద సగటు వాడకం 4, 5 సి.ఎఫ్.ఎం. (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) అని ఉంటుంది. అది నిమిషంలో పావు వంతే ట్రిగ్గర్ నొక్కినట్టు వేసిన లెక్క. ఆపకుండా నొక్కితే హాఫ్ ఇంచ్ గన్ 20 సి.ఎఫ్.ఎం. చుట్టూ తాగుతుంది. అంటే సెకనుకి దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు.

ఇప్పుడు 100 లీటర్ల ట్యాంకును తీసుకుందాం. 8 బార్ల దగ్గర నిండి ఉంది. హోస్‌లో 0.6 బార్ పోతుందనుకుంటే, గన్‌కి సరిపడా ప్రెషర్ రావాలంటే ట్యాంకులో 6.8 బార్లయినా ఉండాలి. 8 నుంచి 6.8కి దిగేలోపు మనకు దక్కేది 120 లీటర్ల గాలి. కంప్రెసర్ మధ్యలో నింపేది పక్కన పెడితే, 13 సెకన్లలో అయిపోతుంది. ఐదు నట్ల చక్రం ఒకటి విప్పగానే ఆగి ఎదురుచూడాలన్నమాట. ఇంట్లో అప్పుడప్పుడూ టైర్లు మార్చుకునేవాళ్లకి ఇది ఇబ్బందేం కాదు. వరసగా బళ్లొచ్చే షాపులో మాత్రం కుదరదు.

మామూలు కంప్రెసర్ ఒక్కో హార్స్‌పవర్‌కి 90 పి.ఎస్.ఐ. దగ్గర 3 నుంచి 4 సి.ఎఫ్.ఎం. ఇస్తుంది. కాబట్టి అప్పుడప్పుడూ వాడే ఒక్క హాఫ్ ఇంచ్ గన్‌కి 2 నుంచి 3 హార్స్‌పవర్, 100 లీటర్లకు తగ్గని ట్యాంకు చాలు. ఇద్దరు పనిచేసే గ్యారేజీకి 5 హార్స్‌పవర్‌కి తక్కువ ఆలోచించకండి. కంప్రెసర్ కొనేటప్పుడు పంపు లోపలికి పీల్చే గాలి అంకె చూపిస్తే ఒప్పుకోవద్దు. 90 పి.ఎస్.ఐ. దగ్గర బయటికిచ్చే అంకె అడగండి, ఇది ఎప్పుడూ తక్కువే.

ఒక బ్యాటరీతో ఎన్ని చక్రాలు విప్పొచ్చు?

18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 90 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. గట్టిగా కొడుతున్నప్పుడు గన్ 600 వాట్లు లాగుతుందనుకుంటే తొమ్మిది నిమిషాల ట్రిగ్గర్ సమయం. 20 నట్ల కారుకి విప్పడానికి, తిరిగి ఎక్కించడానికి ఒక్కోసారి మూడేసి సెకన్ల చొప్పున రెండు నిమిషాలు. అంటే నాలుగు కార్లు ధీమాగా అవుతాయి. నట్టు వదులయ్యాక ఖాళీగా తిరిగేటప్పుడు కరెంటు బాగా తక్కువ పడుతుంది కాబట్టి నిజంగా అంతకన్నా ఎక్కువే వస్తాయి. తుప్పు పట్టిన బోల్టుల మీద ఈ లెక్క పనిచేయదు.

20 వోల్టులది 18 వోల్టుల దానికన్నా బలమైనదా?

కాదు. రెండిట్లోనూ వరసగా ఐదు సెల్లులే. సెల్లుకి సగటున 3.6 వోల్టులు లెక్కవేస్తే 18, నిండా ఛార్జయిన సెల్లు పట్టుకుని లెక్కవేస్తే 20 పైన. పేరులోనే తేడా. బలంలో తేడా తెచ్చేది బ్యాటరీ సైజు. 2 ఆంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీలో ఐదే సెల్లులుంటాయి, కరెంటంతా వాటి మీదే పడి వోల్టేజి కుంగిపోతుంది. పది సెల్లుల బ్యాటరీలో ఆ భారం రెండు వరసలుగా పంచుకుంటుంది. అదే గన్‌కి చిన్న బ్యాటరీ పెట్టి విప్పలేని నట్టు, పెద్ద బ్యాటరీ పెట్టగానే ఊడిపోవడం మామూలే.

మరి ఎవరికి ఏది?

ఇంటి దగ్గర సొంత బండి పని చేసుకునేవాళ్లు, రోడ్డు మీద ఆగిన బళ్ల దగ్గరికి వెళ్లి రిపేర్లు చేసేవాళ్లు, టవర్లూ షెడ్లూ బిగించేవాళ్లు కార్డ్‌లెస్ తీసుకోవాలి. ఇక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు. కంప్రెసర్, హోస్, ఫిల్టరు అన్నీ కొత్తగా కొని ఒక్క గన్ నడపడం దండగ.

ఇప్పటికే మంచి కంప్రెసర్ ఉండి, పొద్దున్నించి సాయంత్రం దాకా టైర్లు విప్పే చోట ఎయిర్ గన్‌దే పైచేయి. ఎంతసేపు నడిపినా వేడెక్కి ఆగిపోదు. గాలి వ్యాకోచిస్తూ లోపలి భాగాలను చల్లబరుస్తుంటుంది. కార్డ్‌లెస్ అయితే వరసగా మొండి బోల్టుల మీద కొట్టినప్పుడు బ్యాటరీ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. పది నిమిషాలు చల్లారాల్సిందే.

లారీలు, బస్సుల M22 (22 మిల్లీమీటర్ల మర) చక్రాల నట్లు 600 నుంచి 700 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. అక్కడ ఒక అంగుళం డ్రైవ్ గన్ కావాలి. కార్డ్‌లెస్‌లో కూడా ఒక అంగుళం గన్‌లున్నాయి, దారిలో పంక్చరైన బండికి బాగా పనికొస్తాయి. రోజంతా పనికి మాత్రం ఇప్పటికీ ఎయిరే.

గ్యారేజీ ఉన్నవాళ్లలో చాలామందికి రెండూ ఉంచుకోవడమే సరైన జవాబు. షెడ్డులో ఎయిర్, హోస్ అందని చోటికి మధ్యరకం కార్డ్‌లెస్.

చక్రాల నట్లు ఇంపాక్ట్‌తోనే పూర్తిగా బిగించొచ్చా?

వద్దు, ఏ రకమైనా వద్దు. మూడు సెకన్లు నొక్కితే ఇంత టార్క్ అన్న లెక్క చేతికి ఎప్పటికీ అబ్బదు. బ్యాటరీ సగం దిగినా, పక్కవాడు అదే లైన్‌లో ఇంకో గన్ నొక్కినా, మరల్లో కాస్త నూనె ఉన్నా అదే మూడు సెకన్లకి వేరే ఫలితం వస్తుంది. ఎక్కువ బిగిస్తే నట్టు ఎక్కే బోల్టు, అంటే స్టడ్డు సాగుతుంది, అల్లాయ్ చక్రంలో నట్టు కూర్చునే చోటు నలుగుతుంది, బ్రేకు డిస్కు ఒంకర తిరిగి పెడల్ కొట్టుకుంటుంది. పైగా దారిలో టైరు మార్చుకోవాల్సిన డ్రైవరు బండితో ఇచ్చిన చిన్న పానాతో ఆ నట్టును కదపలేడు.

పద్ధతి ఇది. నట్టును ముందు చేత్తో మూడు నాలుగు మరలు ఎక్కించండి. అడ్డంగా ఎక్కితే చేతికి వెంటనే తెలుస్తుంది, గన్‌కి తెలియదు. తరవాత గన్‌ను అన్నిటికన్నా తక్కువ స్థాయిలో పెట్టి నట్టు ఆనే దాకా మాత్రం తిప్పండి. బండిని కిందికి దించి, టైరు నేలకి ఆనాక, ఎదురెదురు నట్ల వరసలో టార్క్ రెంచ్‌తో (ఎంత టార్క్‌తో బిగిస్తున్నామో చూపే పానా) కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూడండి. కంపెనీ చెప్పకపోతే స్టడ్డుకి నూనె, గ్రీజు రాయకండి. జారే మర అదే టార్క్ దగ్గర స్టడ్డును మరింత లాగుతుంది.

టార్క్ స్టిక్ అనే స్ప్రింగు కడ్డీ వాడితే అతి బిగింపు తగ్గుతుంది. కానీ దాని మీది అంకె కూడా గన్‌ను బట్టి మారుతుంది కాబట్టి చివరి మాట టార్క్ రెంచ్‌దే.

నట్టు కదలకపోతే ఎంతసేపు కొట్టాలి?

పది సెకన్లు చాలు. అప్పటికీ కదలకపోతే ఇంకో నిమిషం కొట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. నట్టు మూలలు గుండ్రంగా అరుగుతాయి, బ్యాటరీ కాలుతుంది. ఆపి, మర మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, చొచ్చుకుపోయే నూనె కొట్టి పావుగంట ఆగండి. తరవాత ఒక్క క్షణం బిగించే వైపు, మళ్లీ విప్పే వైపు కొట్టండి. తుప్పు పొర పగలడానికి ఇది చాలాసార్లు సరిపోతుంది. ఎడమ మర కాదని ముందే నిర్ధారించుకోండి, కొన్ని పాత బళ్లకి ఒక పక్క చక్రాలకి ఎడమ మరలుంటాయి. వేడిచేయడం చివరి దారి. దగ్గర్లో రబ్బరు బుష్, బ్రేకు గొట్టం, ఇంధనపు గొట్టం లేకపోతేనే.

మామూలు క్రోమ్ సాకెట్లు పెట్టొచ్చా?

పెట్టకండి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పానాల కోసం గట్టిగా, పెళుసుగా చేసినవి. దెబ్బలకి పగిలి ముక్కలు కంటికి తగలొచ్చు. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు మందంగా, దెబ్బను ఓర్చుకునే ఉక్కుతో ఉంటాయి. ఆరు పలకలవి తీసుకోండి, పన్నెండు పలకలవి మూలల మీద మాత్రమే పడతాయి. అల్లాయ్ చక్రాలకి పలచటి గోడ, బయట ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి దొరుకుతాయి.

ఎయిర్ గన్‌కి రోజూ ఏం చేయాలి?

పని మొదలుపెట్టే ముందు గాలి వచ్చే మూతిలో నాలుగైదు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేసి, కొన్ని సెకన్లు ఖాళీగా తిప్పండి. ఇంజిన్ ఆయిల్ చిక్కన, రెక్కలు గాడుల్లో అతుక్కుంటాయి. లైన్‌లో నూనె వేసే లూబ్రికేటర్ ఉంటే ఇది అక్కర్లేదు. అదే లైన్‌తో పెయింటు కొట్టేవాళ్లు మాత్రం లూబ్రికేటర్ పెట్టకూడదు, నూనె పెయింటులోకి పోతుంది.

ఎయిర్ గన్‌ల అసలు శత్రువు నీళ్లు. గాలిని నొక్కితే అందులో తేమ ట్యాంకు అడుగున నీరుగా దిగుతుంది. రోజూ సాయంత్రం డ్రెయిన్ విప్పి వదిలేయండి. వానాకాలంలో రోజుకి రెండుసార్లు. ఫిల్టరును కంప్రెసర్‌ని ఆనుకుని కాకుండా, గాలి కొంత చల్లబడిన చోట, గన్‌కి దగ్గరగా పెడితేనే నీటిని పట్టుకుంటుంది.

హ్యామర్ భాగానికి నూనె వేరు, గ్రీజు వేరు. మీ మోడల్‌కి ఏది చెప్పారో అదే, చెప్పినంతే. గ్రీజు కూరితే హ్యామర్ దెబ్బ మందగిస్తుంది.

బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే?

వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జర్‌లో పెట్టకండి. ఎండలో ఆపిన బండిలో వదలకండి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు లిథియం బ్యాటరీ ఛార్జి చేయకూడదు. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జితో ఉంచండి, పూర్తిగా దించేసి పెడితే మళ్లీ లేవకపోవచ్చు. పేరులేని నకిలీ బ్యాటరీల్లో సెల్లులు ఇంత కరెంటు ఇవ్వలేవు, రక్షణ సర్క్యూటు కూడా నమ్మకం ఉండదు.

చప్పుడు, వణుకు ఏది తక్కువ?

చప్పుడులో రెండూ రెండే. నట్టు మీద కొట్టేటప్పుడు ఎక్కువ గన్‌లు 95 డెసిబెల్స్ దాటతాయి, చెవులకి రక్షణ తప్పదు. కార్డ్‌లెస్‌లో గాలి బుసకొట్టదు గనక దెబ్బల మధ్య కొంచెం నయం.

వణుకును తేలిగ్గా తీసుకోకండి. యూరోపియన్ యూనియన్ 2002 నాటి ఆదేశం ప్రకారం ఎనిమిది గంటల పనికి సగటున సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటకూడదు. గన్ వణుకు 10 ఉంటే మొదటి హద్దు అరగంట ట్రిగ్గర్‌కే వచ్చేస్తుంది. కొనేటప్పుడు మాన్యువల్‌లో ఆ అంకె చూడండి. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడుతుంటే గన్ పక్కన పెట్టి వైద్యుడికి చూపించుకోండి.

పెట్రోలు ట్యాంకు దగ్గర ఏది భద్రం?

కార్డ్‌లెస్ స్విచ్చు దగ్గర, బ్రష్‌లున్న మోటారులో నిప్పురవ్వ రావచ్చు. ఎయిర్ గన్‌లో కరెంటు లేదు. అంతమాత్రాన భద్రమనుకోవద్దు, ఉక్కు సాకెట్ ఉక్కు బోల్టును కొట్టినా రవ్వ లేస్తుంది. ఇంధనపు ఆవిరి ఉన్నచోట రెండూ వద్దు, ముందు గాలాడనివ్వండి, చేతి పానాతో విప్పండి.

కరెంటు ఖర్చు?

పని ఒకటే అయినా ఎయిర్ గన్‌కి ఎన్నో రెట్లు ఎక్కువ. గాలిని నొక్కేటప్పుడు కరెంటులో అధిక భాగం వేడిగా పోతుంది. దానికి తోడు లీకులు. 7 బార్ల లైన్‌లో 3 మిల్లీమీటర్ల రంధ్రం సెకనుకి దాదాపు 11 లీటర్లు వదిలేస్తుంది. హాఫ్ ఇంచ్ గన్ ట్రిగ్గర్ ఆపకుండా నొక్కిపట్టినా అంత తాగదు. రాత్రి అంతా ఆపేశాక బుస్సుమని వినిపించే చోట్లకి సబ్బునీళ్లు రాసి చూడండి.

ఇంపాక్ట్ డ్రైవర్‌తో సరిపెట్టుకోవచ్చా?

స్క్రూలకీ చిన్న బోల్టులకీ సరే. దాని షట్కోణపు పావు అంగుళం కొనకి అడాప్టర్ వేసి చక్రాల నట్టు మీద కొడితే అడాప్టరే తెగుతుంది.

వాడిన గన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

యాన్విల్ చదరపు మూలలు గుండ్రబడ్డాయా చూడండి. సాకెట్‌ను పట్టుకుని పక్కలకి ఊపండి, బాగా కదిలితే బుష్ పోయింది. ఎయిర్ గన్ ప్రెషర్ సరిగా ఉన్నా ఖాళీగానే నెమ్మదిగా తిరిగితే రెక్కలు అరిగినట్టు, లేదా జిగురు నూనెతో అతుక్కున్నట్టు. ఖాళీగా జోరుగా తిరిగి నట్టు మీద మాత్రం నీరసంగా కొడితే హ్యామర్ అరిగింది. రెక్కలు విడిగా దొరుకుతాయి, మార్చడం కష్టం కాదు. హ్యామర్, యాన్విల్ రెండూ మార్చాలంటే కొత్త గన్ ధరతో పోల్చి చూడండి. కార్డ్‌లెస్‌లో నిండా ఛార్జి చేసిన బ్యాటరీతో ఒక గట్టి నట్టు మీద పది సెకన్లు కొట్టించండి. ఛార్జి గీతలు రెండు ఒక్కసారే పడిపోయి, వదలగానే మళ్లీ లేస్తే సెల్లులు అరిగాయి. ధరలో కొత్త బ్యాటరీ ఖర్చు తీసేసి మాట్లాడండి.